రెండు వార్డుల గెలుపు, ఢిల్లీ లెక్క

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పి, తరువాత సమాధానానికి వస్తాను. కడప జిల్లాలో మీరుండే పట్టణంలో మీ పార్టీ రెండు వార్డులు, చుట్టుపక్కల మండలాల్లో మూడు ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుడి) స్థానాలు గెలిచింది. పదేళ్లుగా మీరు అందులో పనిచేస్తున్నా, పార్లమెంటు ఎన్నికలు వచ్చేసరికి ఆ పార్టీ పేరు ఎవరి నోటా వినిపించడం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఇలా వార్డు తరువాత వార్డు గెలుచుకుంటూ పోతే ఎప్పటికైనా ఢిల్లీలో లెక్కలోకి వస్తామా అన్నది మీ మొదటి సందేహం. పార్టీ పేరుకు ముందు ‘అఖిల భారత’ అని చేర్చాలని మీ రాష్ట్ర నాయకులు చేస్తున్న ఆలోచన సరైనదేనా అన్నది రెండవది.

నేను అనంతపురం జిల్లా రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. ఎన్నికల పనిలో మాత్రం పంచాయతీ మొదలు పార్లమెంటు దాకా అన్ని మెట్ల మీదా నిలబడ్డాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: స్థానిక గెలుపు, ఢిల్లీలో విలువ అనేవి ఒకే నిచ్చెనకు కింది మెట్టూ పై మెట్టూ కావు. మొదటిది మనిషి చేసిన పనికి ఊరు ఇచ్చే ఫలితం; రెండవది, పెద్ద పార్టీకి సీట్లు తక్కువ పడిన రోజున మీ చేతిలో ఏముందన్న దాని మీద ఆధారపడిన విషయం. మొదటిదాన్ని ఎంత పెంచినా అది తనంతట తాను రెండవదిగా మారదు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కాదు, ఓట్ల లెక్కింపు బల్ల ముందు అర్థమైంది. బ్యాలెట్ పత్రాలతో జరిగే మండల, జిల్లా పరిషత్ ఎన్నికల్లో ఒక్కో ఓటరుకు రెండు పత్రాలు ఇస్తారు. ఎంపీటీసీకి గులాబీ రంగుది, జడ్పీటీసీకి (జిల్లా పరిషత్ సభ్యుడికి) తెల్లది. శింగనమల వైపు ఒక మండలం లెక్కింపులో నేను బల్ల పర్యవేక్షకుడిగా కూర్చున్నాను. ఒక ఊరి పెట్టె విప్పి, రంగుల వారీగా వేరుచేసి, గుర్తుల వారీగా కట్టలు కట్టించాము. గులాబీ పత్రాల్లో ఒక వామపక్ష పార్టీ కట్ట అన్నిటికంటే లావుగా తేలింది. అదే పెట్టెలోని తెల్ల పత్రాల్లో అదే పార్టీ కట్ట చేతివేళ్ల మధ్య పట్టేంత పలుచగా ఉంది. ఎక్కడో పొరపాటు జరిగిందని ఆ పార్టీ ఏజెంటు గొడవపడి రెండుసార్లు లెక్కపెట్టించుకున్నాడు. పొరపాటేమీ లేదు. పోలింగు గదిలో అట్ట చాటున నిలబడి, ఒకే మనిషి ఒకే నిమిషంలో ఒక పత్రం మీద ఒక గుర్తుకు, రెండవ పత్రం మీద మరొక గుర్తుకు ముద్ర వేశాడు.

తరువాత కొన్నాళ్లకు పహణీ నకలు కోసం ఆఫీసుకు వచ్చిన ఆ ఊరి పెద్దామెను ఊరికే అడిగాను. “ఆయప్ప మాకు అర్జీలు రాసిస్తాడు, ఆస్పత్రికి తోడొస్తాడు, ఊర్లోకి ఆయప్పనే కావల్ల. జిల్లాకు ఆ పార్టీవాళ్లు పోయి ఏం చేస్తార్లే సార్?” అన్నది. మీ ప్రశ్నకు అంతకంటే క్లుప్తమైన జవాబు నేను ఇవ్వలేను. ఆమె ఓటు ఆ మనిషి పేరున వేసిన డిపాజిట్టు. దాన్ని పార్టీ ఖాతాకు మార్చుకోవడానికి వీల్లేదు. జిల్లాకే మారని ఓటు ఢిల్లీకి మారుతుందని ఆశించడం కష్టం.

అయితే రాయలసీమలో చిన్న పార్టీ చట్టసభల దాకా వెళ్లనే లేదా అంటే, బాగానే వెళ్లింది. 1952లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జైలులో ఉండి పోటీచేసి, అనంతపురంలో తన సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. తరువాతి కాలంలో ఆ ఓడిన అభ్యర్థి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, ఆపైన రాష్ట్రపతి అయ్యారంటే ఆ గెలుపు ఎంతటిదో ఊహించుకోవచ్చు. 1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. మీ కడప పార్లమెంటు స్థానంలోనైతే సీపీఐ అభ్యర్థి ఎద్దుల ఈశ్వరరెడ్డి 1952, 1962, 1967, 1971లలో నాలుగు సార్లు గెలిచారు. ఇప్పటి కడపను మాత్రమే చూసినవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. 1971 సంగతి మరీ చెప్పుకోదగ్గది. దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీచిన ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద సీపీఐకి దక్కిన ఒకే ఒక్క లోక్‌సభ స్థానం కడప.

ఇన్ని గెలుపులు ఎందుకు నిలవలేదన్నది మీలాంటి కార్యకర్తలు తీరికగా ఆలోచించవలసిన విషయం. ఆ నాయకులకు వచ్చిన ఓటులో సిద్ధాంతం పాలు కొంత ఉంది, కాదనను. కానీ కరువు రోజుల్లో జనం పక్షాన నిలబడిన మనుషులన్న గౌరవం పాలు ఎక్కువ. వారి తరువాత ఆ గౌరవం పార్టీకి ఆస్తిగా మిగలలేదు. దీనికి తోడు మన ఎన్నికల పద్ధతిలోనే ఒక మెలిక ఉంది. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చినా, 196 స్థానాల్లో వారికి దక్కినవి 15 మాత్రమే. మిగిలినవారంతా ఒక్కటై నిలబడేసరికి, ప్రతిచోటా రెండవ స్థానంలో ఉండే పార్టీకి ఓట్లు దండిగా, సీట్లు చాలీచాలకుండా వచ్చాయి. ఓటు పలుచగా పరుచుకుంటే గెలుపు లేదు. ఒకచోట కుప్పగా పడితే గెలుపు ఉంది కానీ అది ఆ చోటుకే పరిమితం. మీ పార్టీ ఇప్పుడున్నది ఈ రెండవ స్థితిలో.

పొత్తుల సంగతి కూడా చూడండి. కర్నూలు శాసనసభ స్థానంలో సీపీఎం అభ్యర్థి ఎం.ఎ. గఫూర్ 1994లో తెలుగుదేశంతో పొత్తులో గెలిచారు, 2004లో కాంగ్రెస్‌తో పొత్తులో గెలిచారు. ఆ రెండింటి మధ్య 1999లో పెద్ద పార్టీ తోడు లేనప్పుడు ఓడిపోయారు. మనిషి అదే, పార్టీ అదే, ఊరు అదే. అనంతపురంలో సీపీఐ నాయకుడు కె. రామకృష్ణ గెలిచింది కూడా ఆ 1994 పొత్తులోనే. చిన్న పార్టీ గెలుపును చూసినప్పుడు అందులో సొంత సరుకు ఎంత, అరువు తెచ్చుకున్నది ఎంత అని విడదీసి చూసుకోవడం, ముఖ్యంగా గెలిచినవారికి, చేదుగానే ఉంటుంది. మీ రెండు వార్డుల్లోనూ ఆ లెక్క వేసుకున్నారా?

ఇక ఢిల్లీ లెక్క. ఇది ఓట్ల లెక్క కాదు, సీట్ల లెక్క కూడా పూర్తిగా కాదు. ఎదుటివాడి అవసరం ఎంత అన్న లెక్క. 1971లో తెలంగాణ ప్రజా సమితి పది లోక్‌సభ స్థానాలు గెలిచింది. ఒక ప్రాంతీయ పార్టీకి అవి తక్కువేమీ కావు. కానీ ఇందిరాగాంధీకి సొంతంగానే 350 పైచిలుకు స్థానాలు వచ్చాయి. ఆ పదితో ఆమెకు పని లేకపోయింది, ఏడాది తిరగకముందే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1984లో తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. అటు కాంగ్రెస్ 400 దాటి కూర్చున్నది కాబట్టి ఆ ముప్పై మంది గట్టిగా మాట్లాడగలిగారే తప్ప ప్రభుత్వాన్ని కదిలించలేకపోయారు. ఐదేళ్లకు, 1989లో, అదే పార్టీకి లోక్‌సభలో మిగిలినవి రెండు స్థానాలు. అయినా ఎన్.టి. రామారావు కాంగ్రెసేతర పార్టీల కూటమి అయిన నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షులుగా ఉన్నారు, ఆ ఫ్రంట్ తరఫున వి.పి. సింగ్ ప్రధానమంత్రి అయ్యారు. ముప్పై ఉన్నప్పుడు దక్కనిది రెండు ఉన్నప్పుడు దక్కింది. ఆ ఎన్నికల్లో ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడి, మా హిందూపురంలో గెలిచి శాసనసభకు వెళ్లారన్నది మా జిల్లావాళ్లం ఇప్పటికీ కాస్త గొప్పగా చెప్పుకునే మాట.

ఇది పాతకాలపు ముచ్చట అనుకుంటే, మొన్నటిదే చూడండి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాల్లో 22 గెలిచింది. భారతీయ జనతా పార్టీకి అప్పుడు సొంతంగా 303 వచ్చాయి. కేంద్రంలో అధికార పక్షం 250 దగ్గర ఆగిపోయి ఉంటే ప్రత్యేక హోదాను అడిగి తీసుకునే స్థితిలో ఉండేవాళ్లమన్న అర్థం వచ్చేలా, ఫలితాల తరువాత జగన్మోహన్ రెడ్డి స్వయంగా అన్నారు. 2024లో తెలుగుదేశానికి 16 మాత్రమే వచ్చాయి, కానీ భారతీయ జనతా పార్టీ 240 దగ్గర ఆగింది. ఇరవై రెండు అక్కరకు రాలేదు, పదహారు అక్కరకు వచ్చింది. ఈ తేడాలో మన ఓటరు చేసింది ఏమీ లేదు. అది ఉత్తరాదిలో ఎవరో ఎవరికో వేసిన ఓట్ల ఫలితం. జాతీయ ప్రాధాన్యం అనేది సగానికి పైగా మీ చేతిలో లేని విషయమని నేను అంటున్నది ఇందుకే.

ఈ మాటకు రెండో వైపు కూడా ఉంది. 1977లో దేశం మొత్తం మీద జనతా పార్టీ గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో దానికి దక్కినది నంద్యాల ఒక్కటే, అక్కడ గెలిచినది సంజీవరెడ్డి. ఢిల్లీలో రాజ్యమేలే పార్టీకి మన ఊళ్లో జెండా కట్టే మనిషి లేకపోవచ్చు. మీ పార్టీకి ఊళ్లో మనుషులున్నారు, ఢిల్లీ లేదు. రెండూ లోపాలే అయినా, మందు మాత్రం ఒకటి కాదు.

మీరు తప్పక లేవనెత్తే అభ్యంతరం ఒకటి ఉంది: 2011లో మీ కడపలోనే కదా ఒక పార్టీ పుట్టి, ఆ మే నెల ఉప ఎన్నికలో 5 లక్షల 45 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచి, ఎనిమిదేళ్లకు రాష్ట్రాన్ని చేపట్టింది? నిజమే. కానీ అది ఒక జిల్లా గెలుపు పాకుతూ రాష్ట్రమంతా అల్లుకోవడం కాదు. అప్పటికే రాష్ట్రమంతటా ఉన్న వై.ఎస్. రాజశేఖరరెడ్డి అభిమాన వర్గం తన కొత్త గుర్తు ఏదో చూసుకున్న మొదటి చోటు కడప. నీళ్లు ముందే ఉన్నాయి, గండి అక్కడ పడింది. మీ రెండు వార్డుల వెనుక అలాంటి చెరువు ఉందో లేదో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంతకీ చిన్న పార్టీకి ఢిల్లీలో విలువ దక్కితే ఏమవుతుందో చూడాలంటే మా జిల్లాలోని బండ్లపల్లికి రండి. 2004లో వామపక్షాలకు లోక్‌సభలో సుమారు అరవై స్థానాలు ఉండేవి. వారి మద్దతు లేకుండా మన్మోహన్ సింగ్ ప్రభుత్వం నిలబడే వీలు లేదు. ఉమ్మడి కనీస కార్యక్రమంలో ఉపాధి హామీ చోటు చేసుకోవడంలోనూ, చట్టం గట్టిగా రూపుదిద్దుకోవడంలోనూ ఆ ఒత్తిడి పాత్ర ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఇంటికి ఏడాదికి నూరు రోజుల పని అన్న మాట మా పల్లెల్లో ‘కరువు పని’ అనే పాత పేరుతోనే స్థిరపడింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) రాయించడానికి నేను ఆ రోజుల్లో మండలమంతా తిరిగాను. గడ్డపార పట్టుకున్నవారిలో పదిమందిని అడిగితే ఒక్కరు కూడా ఈ పనికి వామపక్షాల పేరు చెప్పలేదు. కొందరు ముఖ్యమంత్రి పేరు, కొందరు సోనియాగాంధీ పేరు చెప్పారు, ఎక్కువమంది ఫీల్డ్ అసిస్టెంటు పేరు చెప్పారు. అంటే, ఊరి గెలుపు ఢిల్లీ విలువగా మారనట్లే, ఢిల్లీలో సాధించినది ఊళ్లో ఓటుగా మారడం కూడా అంత సులువు కాదు. 2008లో అణు ఒప్పందం మీద మద్దతు ఉపసంహరించుకున్నాక, ఆ పార్టీలకు మా జిల్లాలో ఈ చట్టం తాలూకు ఓటు ఒక్కటీ అదనంగా వచ్చిందని నేను అనుకోను.

మీరు చిన్నబుచ్చుకోకుండా ఉండేందుకు కాదు గానీ, ఉన్న విషయం కాబట్టి తాడిపత్రి సంగతి చెబుతాను. 2021 మార్చి మునిసిపల్ ఎన్నికల్లో రాష్ట్రంలోని దాదాపు అన్ని పురపాలికలూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే అయ్యాయి. తాడిపత్రిలోని 36 వార్డుల్లో మాత్రం తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16, సీపీఐకి ఒకటి, స్వతంత్ర అభ్యర్థికి ఒకటి వచ్చాయి. ఛైర్మన్ ఎన్నికలో ఎమ్మెల్యే, ఎంపీల ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) ఓట్లు కూడా కలుస్తాయి కాబట్టి, ఆ రెండూ అధికార పక్షం వైపు చేరితే ఇరువైపులా సమానం. అప్పుడు సీపీఐ వార్డు సభ్యుడు, స్వతంత్ర సభ్యుడు తెలుగుదేశానికి మద్దతిచ్చారు, జె.సి. ప్రభాకర్ రెడ్డి ఛైర్మన్ అయ్యారు. 240 దగ్గర ఆగిన పార్టీకి పదహారు మంది ఎంత అవసరమో, పద్దెనిమిది దగ్గర ఆగిన పార్టీకి ఆ ఒక్కడు అంత అవసరం. ఢిల్లీలో నడిచే సూత్రమే తాడిపత్రి కౌన్సిల్ హాలులోనూ నడిచింది. మీ రెండు వార్డుల అసలు ధర ఆ హాలులో ఉంది. మీ కౌన్సిల్‌లో రేపు ఎవరికి ఎన్ని తక్కువ పడతాయో అన్నది, పార్లమెంటులో ఎవరికి ఎన్ని తక్కువ పడతాయన్నదానికంటే మీకు వెయ్యి రెట్లు ముఖ్యం.

మరొక సంగతి మీ పార్టీలో చాలామందికి తెలియకపోవచ్చు. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. పార్టీలకు గుర్తింపు ఇచ్చేది కేంద్ర ఎన్నికల సంఘం. మీ వార్డులూ, ఎంపీటీసీలూ ఈ రెండవ సంఘం పుస్తకంలోకి ఎక్కనే ఎక్కవు. అక్కడ లెక్కకు వచ్చేవి శాసనసభ, లోక్‌సభ సాధారణ ఎన్నికల ఫలితాలే. మన రాష్ట్రంలో గుర్తింపు పొందాలంటే శాసనసభ ఎన్నికల్లో 6 శాతం ఓట్లతో పాటు రెండు స్థానాలైనా రావాలి. లేదా 175లో 3 శాతం, అంటే ఐదు స్థానాలు రావాలి. లేదా ఒక లోక్‌సభ స్థానం గెలవాలి. ఏ స్థానమూ రాకపోయినా 8 శాతం ఓట్లు వస్తే చాలు. గుర్తింపు లేకపోతే గుర్తు మీది కాదు. 2024లో జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల గాజు గ్లాసు గుర్తు స్వతంత్రులకు వెళ్లి, కూటమి నాయకులను ఎంత కంగారు పెట్టిందో చూశారు కదా. అంత పెద్ద పార్టీకే ఆ అవస్థ వస్తే, మీరు పదేళ్లు గోడల మీద రాసి జనానికి అలవాటు చేసిన గుర్తు మరుసటి ఎన్నికలో పక్క ఊరి రెబెల్ చేతిలో కనిపించడం వింత కాదు. జాతీయ పార్టీ హోదా సంగతి ఇంకా దూరం: నాలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర పార్టీగా గుర్తింపు పొందడం అందుకు ఒక దారి. దేశమంతటా శాఖలున్న సీపీఐయే 2023 ఏప్రిల్‌లో ఆ హోదా కోల్పోయింది.

ఇక ‘అఖిల భారత’ అని చేర్చే విషయం. తెలంగాణ రాష్ట్ర సమితి 2022 అక్టోబరులో ‘తెలంగాణ’ తీసి ‘భారత్’ పెట్టుకుంది. అప్పటికి ఆ పార్టీ ఎనిమిదేళ్లుగా ఒక రాష్ట్రాన్ని పాలిస్తోంది. డబ్బుకు, మనుషులకు, ప్రచారానికి లోటు లేదు. మరుసటి ఏడాది అధికారం పోయింది, 2024 లోక్‌సభ ఎన్నికల్లో సొంత రాష్ట్రంలోని 17 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. పేరు మార్చినందువల్లనే ఓడిపోయారని నేను అనను, పదేళ్ల పాలన మీద విసుగు వంటి కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ పార్టీ బలమంతా ‘తెలంగాణ’ అన్న మాటలోనే ఉండేది. ఆ మాటను వారే చేజేతులా తీసేశారు. మీ పార్టీ పేరులో ఇప్పుడున్న రాయలసీమ మాట మీ రెండు వార్డుల్లో ఎన్ని ఓట్లు తెచ్చిందో నేను చెప్పలేను, కొన్ని తెచ్చిందనే అనుకుంటున్నాను.

ఆ తీర్మానం మీ కార్యవర్గ సమావేశానికి వచ్చినప్పుడు లేచి ఒక్క ప్రశ్న అడగండి. వచ్చే మండల, జిల్లా పరిషత్ ఎన్నికల్లో మనం గెలిచిన మూడు ఎంపీటీసీ స్థానాలున్న మండలాల్లో జడ్పీటీసీకి పోటీ పెట్టడానికి, ఆ మూడు ఊళ్లకు అవతల కూడా తెలిసిన ముఖం మన దగ్గర ఎవరున్నారు? పేరు వెంటనే చెప్పగలిగితే నామినేషను పత్రాలు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. చెప్పలేకపోతే, కొత్త పేరుతో లెటర్‌హెడ్లు అచ్చు వేయించే డబ్బుతో ఆ మండలాల తహసీల్దారు కార్యాలయాల దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, అర్జీలు రాసిపెట్టే మనిషిని కూర్చోబెట్టండి.